‘పాత బండి అంటే అంతే’ అంటే కుదరదు!

*కడిగి, పాలిష్ కొట్టి, కొత్తదానిలా మెరిపించిన సెకండ్ హ్యాండ్ కారు ఇంటికొచ్చిన నెలకే షెడ్డెక్కితే ఆ భారం ఎవరు మోయాలి? అరిగిపోయిన భాగాల సంగతి సరే, దాచిపెట్టిన లోపాల మాటేమిటి? కొన్నవాళ్ళ చేతిలో ఏముంది? చట్టం ఎంతదాకా తోడొస్తుంది?*

విజయవాడ ఆటోనగర్. రేకుల షెడ్డు కింద ఓ తెల్ల హ్యాచ్‌బ్యాక్ నాలుగు తలుపులూ బార్లా తెరుచుకుని ఉంది. పక్కనే భార్యాభర్తలు నిలబడ్డారు. ఆయన ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుడతారు. కారు కొని నెల దాటింది. ఏసీ వేస్తే ముక్క వాసన. వాన పడిన మర్నాడు కిటికీ అద్దాలు వాటంతటవే దిగుతున్నాయి. డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు ఓ రోజు వెలుగుతుంది, ఓ రోజు వెలగదు.

మేస్త్రి బానెట్ జోలికే పోలేదు. ముందు సీటు బెల్టు పట్టుకుని మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. పెట్టుకునేటప్పుడు లాగేంత కాదు, చివరంటా లాగాడు. లోపలి నుంచి వచ్చిన ఆఖరి మూరెడు రంగు మారి ఉంది. నల్లటి పట్టీ మీద మట్టి చార. గోటితో గీకితే పొడి రాలింది. తర్వాత సీటు వెనక్కి జరిపి కార్పెట్ అంచు లేపాడు. కింది స్పాంజిలో సన్నటి ఒండ్రు ఇంకా అలాగే ఉంది. సీటు పట్టాల బోల్టులు తుప్పుతో ఎర్రబడ్డాయి.

“నీళ్ళలో మునిగిన బండి సార్ ఇది. ఇదిగో, ఇక్కడిదాకా వచ్చాయి నీళ్ళు” అని స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి చూపించాడు.

ఆమె మాట్లాడలేదు. ఈ కారు కోసం చీటీ పాడింది ఆమే. ఆయన అక్కడి నుంచే కారు అమ్మిన కన్సల్టెన్సీకి ఫోన్ చేశారు. స్పీకర్‌లో అవతలి మాట అందరికీ వినిపించింది: “సెకండ్ హ్యాండ్ బండి సార్. ట్రయల్ వేసుకుని, నచ్చాకే కదా తీసుకున్నారు! పాత బండి అంటే అంతే.”

పాత కారు కొని ఇబ్బంది పడిన వాళ్ళలో ఈ మాట వినని వాళ్ళు తక్కువ. విని, మన ఖర్మ అనుకుని, మరో ముప్పై నలభై వేలు అప్పు తెచ్చి బాగు చేయించుకుని ఊరుకున్నవాళ్ళే ఎక్కువ. ఆ మాట నిజం కాదు. చట్టం ముందు అసలే నిలబడదు. అయితే దాన్ని తిప్పికొట్టాలంటే కొన్నవాళ్ళ దగ్గర కొన్ని కాగితాలు ఉండాలి. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంతమంది పాత కారు వైపు ఎందుకు?

దేశంలో ఏటా అమ్ముడయ్యే కొత్త కార్ల కంటే చేతులు మారే పాత కార్లే ఎక్కువ. రెండో బిడ్డ పుట్టాక స్కూటర్ మీద నలుగురూ పట్టరు. పెద్దవాళ్ళను ఆస్పత్రికి తిప్పాలి. పండక్కి ఊరెళ్ళాలి. ఎనిమిది లక్షలు పెట్టి కొత్తది కొనలేరు, మూడు నాలుగు లక్షలైతే కిందా మీదా పడి సర్దగలరు. అలా వచ్చే కుటుంబాలే ఈ మార్కెట్‌కు ప్రాణం. వాళ్ళకు ఇది మొదటి కారు. లోపాలున్న బండి కూడా ఎక్కువగా వాళ్ళ చేతుల్లోకే వెళ్ళడం బాధ కలిగించే విషయం.

ఒకప్పుడు పాత కారు అంటే బంధువుల దగ్గరో, తెలిసినవాళ్ళ దగ్గరో కొనేవాళ్ళు. 2001లో మారుతి ‘ట్రూ వాల్యూ’ పేరుతో ఈ వ్యాపారంలోకి వచ్చింది. తర్వాత ఆన్‌లైన్ సంస్థలు వచ్చాయి. అయినా మన ఊళ్ళలో బైపాస్ రోడ్డు పక్కన ఖాళీ స్థలంలో పదీ ఇరవై బండ్లు వరసగా నిలబెట్టే ‘ఆటో కన్సల్టెన్సీ’ల జోరు తగ్గలేదు.

2025లో ఈ వ్యాపారానికి రెండు కుదుపులు తగిలాయి. 2025 జనవరి నుంచి జీఎస్టీ నమోదున్న డీలరు అమ్మే పాత కార్లన్నిటికీ, కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీద 18 శాతం పన్ను వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తదాని ధర దిగితే పాతదాని ధరా దిగాల్సిందే. డీలరు లాభం రెండు వైపులా సన్నబడింది. నికార్సయిన వ్యాపారి తక్కువకు కొని తక్కువకు అమ్ముకుంటాడు. మరో రకం వ్యాపారి మరీ చౌకగా దొరికే బండి కోసం వెతుకుతాడు. అది ఎందుకంత చౌకగా దొరికిందో మాత్రం మనకు చెప్పడు.

మునిగిన బండ్లు ఎక్కడికి పోతున్నాయి?

2015 డిసెంబరులో చెన్నై. 2020 అక్టోబరులో హైదరాబాద్. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ. ప్రతిసారీ వేల వాహనాలు నీళ్ళలో నానాయి. టీవీల్లో ఆ దృశ్యాలు చూసి అయ్యో అనుకున్నాం. ఆ బండ్లన్నీ తర్వాత ఏమయ్యాయో ఎవరూ ఆలోచించలేదు.

మునిగిన కారును బాగుచేసే ఖర్చు దాని బీమా విలువలో, అంటే ఐడీవీలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని ‘టోటల్ లాస్’ కింద లెక్క కడుతుంది. యజమానికి పరిహారం ఇస్తుంది. మిగిలిన బండి సాల్వేజ్ కింద వేలానికి పోతుంది. కొన్నవాళ్ళు దాన్ని తుక్కు చేసి, పనికొచ్చే భాగాలు అమ్ముకోవచ్చు. లేదా కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి మళ్ళీ రోడ్డెక్కించవచ్చు. ఇక వాడకానికి పనికిరాని స్థితికి చేరిన బండి గురించి యజమాని 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. అలా రద్దు కాని ఆర్‌సీ చేతిలో ఉంటే ఆ బండి పేరుకు ‘సింగిల్ ఓనర్, పేపర్లన్నీ క్లియర్’ బండే.

నీళ్ళలో మునిగిన కారుతో పెద్ద చిక్కేమిటంటే, అది మొదటి రోజే మొరాయించదు. ఇంజిన్‌లో ఆయిలు మార్చి, ఫిల్టర్లు మార్చి స్టార్ట్ చేస్తే చక్కగా నడుస్తుంది. ట్రయల్‌లో ఏ లోపమూ కనిపించదు. జబ్బంతా వైరింగ్‌లో ఉంటుంది. కనెక్టర్ల లోపల రాగి పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము మెల్లగా పేరుకుంటుంది. నెలకో, రెణ్నెల్లకో ఒక్కో కనెక్షనే తెగుతుంది. ముందు పవర్ విండో, తర్వాత సెంట్రల్ లాక్, తర్వాత ఇంజిన్‌ను నడిపే ఈసీయూ. అప్పటికి డీలరు ఇచ్చిన ‘నెల రోజుల ఇంజిన్ గ్యారంటీ’ అయిపోయి ఉంటుంది.

డబ్బు నష్టం ఒక్కటే అయితే ఇంత బాధపడక్కర్లేదు. ఎయిర్‌బ్యాగ్‌ను నడిపే కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో సీట్ల మధ్య, నేలకు దగ్గరగా ఉంటుంది. నీళ్ళు ముందుగా చేరేది అక్కడికే. అది పాడైతే వెలగాల్సిన హెచ్చరిక లైటును ఆరిపోయేలా చేసి బండి అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఆ కారు గుద్దుకున్న రోజున బెలూన్ తెరుచుకోదు. దీన్ని వ్యాపారంలో చిన్న మాయగా చూడటం నాకు సాధ్యం కాదు. ఇది ఓ కుటుంబం ప్రాణాలతో ఆడుకోవడం.

> చేత్తో తాకి చూస్తే తెలిసేవి
>
> బానెట్ వేడి: చూడ్డానికి వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే శబ్దం, పొగ మీకు తెలియకుండా పోతాయి. బండి పూర్తిగా చల్లారాక మళ్ళీ వస్తానని చెప్పండి.
>
> బ్యాక్ కంప్రెషన్: ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ బుసబుసా వస్తోందంటే పిస్టన్ రింగులు, బోరు అరిగాయేమోనని అనుమానించాలి.
>
> బోల్టుల తలలు: బానెట్, డోర్లు, ఫెండర్ల బోల్టుల మీద రంగు లేచిపోయి స్పానర్ గుర్తులుంటే అవి ఎప్పుడో విప్పి బిగించినవే. ఎందుకు విప్పాల్సి వచ్చిందో అడగండి.
>
> టైర్ల తేదీ: టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. మీటరు ఇరవై వేలే చూపిస్తూ నాలుగు టైర్లూ మారి ఉంటే లెక్క కుదరదు.
>
> పాత బీమా పాలసీ: నో క్లెయిమ్ బోనస్ ఏటా పెరుగుతూ వచ్చి ఓ ఏడాది సున్నాకు పడిపోయిందా? అంతకు ముందు ఏడాది క్లెయిమ్ జరిగి ఉండే అవకాశం ఉంది. దేనికి చేశారో వివరం అడగండి.

మీటరు, ట్యాక్సీ, టింకరింగ్

మీటరు వెనక్కి తిప్పడం ఈ వ్యాపారంలో పాత విద్యే. డిజిటల్ మీటర్లు వచ్చాక ఆ పని ల్యాప్‌టాప్‌తో జరుగుతోంది. అయితే కారు ఏటా సర్వీసుకు వెళ్ళిన ప్రతిసారీ కంపెనీ సర్వీస్ సెంటర్ కంప్యూటర్‌లో రీడింగ్ నమోదవుతుంది. ‘షోరూం ట్రాక్ ఉంది’ అని డీలరు చెబితే మాటతో సరిపెట్టుకోకుండా ఆ ప్రింటు చూపించమనాలి. 2021లో 84 వేలు ఉన్న బండి ఇప్పుడు 52 వేలు చూపిస్తుంటే అదే రుజువు.

హైదరాబాద్‌లో మరో బెడద ఉంది. ఏళ్ళ తరబడి ట్యాక్సీగా తిరిగి, తర్వాత పసుపు ప్లేటు తీసి తెల్ల ప్లేటుకు మారిన బండ్లు. అలా మార్చడం చట్టబద్ధమే, చెప్పి అమ్మితే తప్పు కూడా లేదు. ‘డాక్టర్ గారి బండి, క్లినిక్‌కూ ఇంటికీ తప్ప తిరగలేదు’ అని చెప్పి అమ్మితేనే నేరం.

యాక్సిడెంట్ బండ్ల విషయంలో మాత్రం కొంచెం నిదానంగా ఆలోచించాలి. బంపరు పగలడం, డోరుకు సొట్ట పడటం ఏ కారుకైనా జరిగేదే. రంగు వేశారు కాబట్టి మోసం అనలేం. ఛాసిస్, పిల్లర్లు, ఏప్రన్ దెబ్బతిని వాటిని లాగి వెల్డింగ్ చేసి ఉంటే మాత్రం ఆ బండి మళ్ళీ గుద్దుకున్నప్పుడు లోపలి మనుషుల్ని కాపాడాల్సినంతగా కాపాడలేదు. ఆ సంగతి చెప్పకుండా అమ్మకూడదు.

అరుగుదల మనది, దాపరికం వాళ్ళది

ఏడేళ్ళ కారు కొన్నాక క్లచ్ ప్లేటు మార్చాల్సి వచ్చిందనో, బ్యాటరీ పోయిందనో, సస్పెన్షన్ బుష్‌లు చప్పుడు చేస్తున్నాయనో డీలరు మీద కేసు వేస్తే గెలవరు, గెలవకూడదు కూడా. అవి వాడకంతో అరిగేవి. ధర తగ్గింది కూడా అందుకే. చట్టం దృష్టిలో వస్తువుల అమ్మకంలో కొనేవాడి జాగ్రత్త కొనేవాడిదే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ఈ సూత్రంతోనే మొదలవుతుంది. పరీక్షించి కొన్నప్పుడు, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత ఫిర్యాదు చేయడం కుదరదు.

మరి పరీక్షలో బయటపడకుండా కావాలని కప్పిపెట్టిన లోపాలు? ఇక్కడ 1872 నాటి కాంట్రాక్టు చట్టం పనికొస్తుంది. తెలిసిన నిజాన్ని పనిగట్టుకుని దాచడం మోసమేనని ఆ చట్టం 17వ సెక్షన్ అంటుంది. దాని కిందే మరో వివరణ కూడా ఉంది. ఊరికే నోరు మూసుకుని ఉండటం దానంతటదే మోసం కాదు. మాట్లాడాల్సిన బాధ్యత ఉన్నప్పుడో, మౌనమే జవాబు కింద చెల్లే సందర్భంలోనో అది మోసమవుతుంది.

ఈ వివరణ చదివి చాలామంది నిరుత్సాహపడతారు. నాకైతే కొనేవాళ్ళ చేతికి తాళం చెవి ఇక్కడే దొరికినట్టు అనిపిస్తుంది. మనం అడగకపోతే డీలరు చెప్పలేదు, అంతే. అడిగితే అతను రెండే పనులు చేయగలడు: నిజం చెప్పాలి, లేదా అబద్ధం ఆడాలి. అబద్ధం ఆడి దొరికితే ‘పాత బండి అంటే అంతే’ అనే కవచం ఊడిపోతుంది. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందే డీలరు నంబరుకు వాట్సాప్‌లో ఓ మెసేజ్ పెట్టాలి. బండి నంబరు రాసి, ‘ఈ కారు ఎప్పుడైనా వరదలో మునిగిందా? ఛాసిస్‌కు దెబ్బ తగిలిందా? మీటరు రీడింగ్ అసలుదేనా? ట్యాక్సీగా తిరిగిందా? ఫైనాన్స్ బకాయి ఉందా?’ అని అడగాలి. ‘ఏం లేదు సార్, నీట్ బండి’ అని ఒక్క ముక్క జవాబు వచ్చినా అది రేపు వినియోగదారుల కమిషన్ ముందు సాక్ష్యం. జవాబు ఇవ్వకుండా ‘మీరు రండి సార్, మాట్లాడుకుందాం’ అంటే ఆ బండి దగ్గరికి వెళ్ళకపోవడమే మేలు.

డెలివరీ రోజున సంతకం పెట్టించుకునే కాగితంలో ‘కండిషన్ చూసుకుని, పూర్తిగా నచ్చి తీసుకున్నాను, ఇకపై ఎలాంటి సంబంధం లేదు’ అనే వాక్యం ఉంటుంది. చాలామంది ఆ వాక్యం చూసే ఆశ వదులుకుంటారు. అది అరుగుదలకు, కంటికి కనిపించే లోపాలకు వర్తిస్తుంది. మోసానికి రక్షణ ఇవ్వదు.

‘మేం మధ్యవర్తులం మాత్రమే’

లోపం బయటపడ్డాక రెండో అడ్డుగోడ ఇది. ‘బండి మాది కాదు సార్, ఓనర్‌ది. మేం కమిషన్ తీసుకున్నాం, అంతే’ అంటారు. నిజంగానే ఆర్‌సీ పాత యజమాని పేరు నుంచి నేరుగా మీ పేరుకు మారుతుంది. మధ్యలో డీలరు పేరు ఎక్కడా ఉండదు. పాత యజమాని సంతకం చేసిన ఖాళీ పేరు మార్పిడి ఫారాలు (29, 30) డీలరు సొరుగులో ఉంటాయి. బిల్లు ఇవ్వరు, ఇస్తే పన్ను కట్టాలి. మీ చేతికొచ్చేది ఓ డెలివరీ నోటు మాత్రమే.

దీనికి విరుగుడు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేసిన సవరణ ప్రకారం పాత వాహనాల డీలరు రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఐదేళ్ళు చెల్లుతుంది. యజమాని బండిని డీలరుకు అప్పగించినప్పుడు ఫారం 29-సీ ద్వారా ఆ సంగతి నమోదు కావాలి. అప్పటి నుంచి బండి అమ్ముడయ్యేదాకా చట్టం దృష్టిలో డీలరే యజమాని. ఆథరైజేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఉన్నవాళ్ళు గోడకు తగిలించి చూపిస్తారు.

ఈ నిబంధన కారు అమ్ముకునేవాళ్ళకూ అంతే అవసరం. పేరు మారకుండా నాలుగు చేతులు మారిన కారు ప్రమాదం చేస్తే, రికార్డుల్లో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది. పాత బండిని కన్సల్టెన్సీలో వదిలేసి చేతులు దులుపుకోవడం ప్రమాదకరం.

లోపం బయటపడిన మొదటి వారం

కోపంతో డీలరు దగ్గరికెళ్ళి గొడవపడటం, లేదా వెంటనే షెడ్డులో ఇచ్చి బాగు చేయించుకోవడం: మనవాళ్ళు ఎక్కువగా చేసేవి ఈ రెండే. రెండోది మరీ నష్టం. భాగం మార్చేశాక లోపం ఉందని నిరూపించేది దేన్ని చూపించి?

ముందు బండిని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళాలి. స్కానర్ పెట్టించి, లోపాలన్నీ జాబ్ కార్డులో రాయించి, స్టాంపు వేయించుకోవాలి. బాగు చేయించడం తర్వాతి మాట. మట్టి, తుప్పు, వెల్డింగ్ ఏదైనా సరే, నంబర్ ప్లేటు కూడా కనిపించేలా వీడియో తీయాలి. కారు అమ్మకానికి పెట్టినప్పటి ప్రకటన ఆన్‌లైన్‌లో ఇంకా ఉంటే తీసేసేలోపే స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. ‘నాన్ యాక్సిడెంటల్’, ‘ఒరిజినల్ కిలోమీటర్స్’ అని అందులో రాసి ఉంటే అది డీలరు స్వయంగా రాసిచ్చిన మాటే.

తర్వాత రాతపూర్వకంగా నోటీసు. లాయరే పంపాలని లేదు. బండి వివరాలు, ఇచ్చిన డబ్బు, చెప్పిన మాట, బయటపడిన లోపం, మీరు కోరేది (బాగు చేయించడమా, డబ్బు వాపసా) రాసి, పదిహేను రోజులు గడువిచ్చి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. బాగు చేయడానికి డీలరుకు ఓ అవకాశం ఇచ్చామని తర్వాత చూపించగలగాలి. మర్యాదస్తులైన డీలర్లు చాలామంది ఈ దశలోనే దిగివస్తారు. వారంటీ ప్యాకేజీ కొన్నవాళ్ళు దాని షరతులు ఇప్పుడైనా చదవాలి. ఎక్కువ వాటిల్లో ఇంజిన్, గేర్‌బాక్స్ లోపలి భాగాలే ఉంటాయి, క్లచ్, బ్రేకులు, బ్యాటరీ ఉండవు.

లోను మీద కొని ఉంటే కోపంతో ఈఎంఐ ఆపొద్దు. అప్పు ఇచ్చిన సంస్థకు బండి లోపంతో సంబంధం లేదు. కట్టకపోతే మీ సిబిల్ స్కోరే దెబ్బతింటుంది. నడవని కారుకు నెలనెలా కంతు కట్టడం ఎంత కడుపుమంటో తెలుసు. ఆ వడ్డీ కూడా నష్టపరిహారంలో కలిపి అడగవచ్చు.

> వినియోగదారుల కమిషన్: ఇవి తెలుసుకోండి
>
> వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అమల్లోకి వచ్చింది 2020 జులై 20న. పాత వస్తువులకూ ఇది వర్తిస్తుంది.
>
> బండి కోసం చెల్లించింది 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్‌కు వెళ్ళాలి. డీలరు ఊరికే వెళ్ళక్కర్లేదు, మీరుండే జిల్లాలోనే వేయవచ్చు.
>
> రుసుము: 5 లక్షల దాకా ఏమీ లేదు. 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400.
>
> గడువు: రెండేళ్ళు. లాయరు తప్పనిసరి కాదు.
>
> కేసుకు ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదును ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు.
>
> సొంతంగా నడుపుకుని బతకడానికి ఒక్క క్యాబ్ కొన్న డ్రైవరు కూడా వినియోగదారుడే. తిరిగి అమ్మడానికి కొన్నవాళ్ళు వినియోగదారుల కిందికి రారు.

కమిషన్‌లో ఏది నిలుస్తుంది?

మీటరు తిప్పిన బండి, ప్రమాదం దాచిన బండి అమ్మిన కేసుల్లో డబ్బు వాపసు ఇవ్వాలని కమిషన్లు ఆదేశించిన సందర్భాలున్నాయి. కొట్టేసిన కేసులూ ఉన్నాయి. లోపం నిజమే కావచ్చు, అమ్మకం నాటికే ఉందని నిరూపించలేకపోతే కేసు నిలబడదు. అందుకే నిపుణుడి నివేదిక కీలకం. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే వస్తువును తగిన ల్యాబ్‌కు పంపే అధికారం 38వ సెక్షన్ కమిషన్‌కు ఇచ్చింది. ఆ పరీక్ష కోరుతూ మీరే దరఖాస్తు పెట్టుకోవాలి.

చట్టం ప్రకారం పరీక్ష అక్కర్లేని కేసు మూడు నెలల్లో, అవసరమైన కేసు ఐదు నెలల్లో తేలాలి. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతోంది. డీలరు అప్పీలుకు వెళ్ళాలంటే 45 రోజుల్లో, చెల్లించమన్న మొత్తంలో సగం డిపాజిట్ చేసి వెళ్ళాలి. ఆదేశాన్ని లెక్కచేయకపోతే జైలుశిక్ష దాకా వెళ్ళే వీలు 72వ సెక్షన్‌లో ఉంది. పోలీసు ఫిర్యాదు మరో దారి. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ మోసానికి సంబంధించింది. దొంగ బండి, మార్చిన ఛాసిస్ నంబరు, ఫోర్జరీ ఎన్ఓసీ లాంటివి ఉంటే ఆలోచించకుండా స్టేషన్‌కు వెళ్ళాల్సిందే. ఒక్క యాంత్రిక లోపం మీదైతే ‘ఇది సివిల్ మ్యాటర్’ అనే జవాబే ఎక్కువగా వస్తుంది.

> అమెరికాలో మన పిల్లలకు
>
> ఎమ్మెస్‌కు వెళ్ళిన తెలుగు విద్యార్థులు అక్కడ దిగిన కొన్నాళ్ళకే పాత కారు కొంటారు. డీలరు దగ్గర కొంటుంటే అద్దానికి అంటించిన ‘బయ్యర్స్ గైడ్’ కాగితం చదవాలి. ‘యాజ్ ఈజ్ – నో డీలర్ వారంటీ’ గడిలో టిక్కు ఉంటే మరమ్మతు ఖర్చు దాదాపుగా మీదే. ఆ గైడ్ ఒప్పందంలో భాగం. కొన్న తర్వాత పారేయొద్దు. మసాచుసెట్స్, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో పాత కార్లకూ ‘లెమన్ లా’ రక్షణ ఉంది, అన్ని రాష్ట్రాల్లో లేదు. టైటిల్ మీద ‘సాల్వేజ్’, ‘ఫ్లడ్’ ముద్ర ఉందేమో చూడాలి.

అద్దానికి అంటించే ఒక్క కాగితం

2023 నిబంధనల్లో ఓ పెద్ద లోటుంది. అవి కాగితాల సంగతి చూశాయి, బండి కండిషన్ గురించి ఏమీ మాట్లాడలేదు. ఆథరైజేషన్ ఉన్న డీలరు కూడా ‘ఇది మునిగిన బండి’ అని రాసివ్వాల్సిన అవసరం లేదు.

బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం పాత కార్లకూ వర్తిస్తుంది. డీలరు దగ్గర కొన్న బండి వయసుకు తగ్గ నాణ్యతలో లేకపోతే 30 రోజుల్లో తిప్పి ఇచ్చేయవచ్చు. ఆరు నెలల్లోపు బయటపడిన లోపం అమ్మిన రోజుకే ఉందని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది డీలరే. మన దగ్గర ఆ బరువంతా చీటీ పాడి కారు కొన్న మనిషి నెత్తిన ఉంది. అమెరికాలో అంతటి హక్కు లేకపోయినా 1985 నుంచి డీలర్లు అమ్మే పాత కార్ల అద్దానికి గైడ్ అంటించాలన్న నియమం ఉంది. అమ్మకం స్పానిష్ భాషలో జరిగితే ఆ కాగితం కూడా స్పానిష్‌లో ఉండాలి.

బేరమంతా తెలుగులో మాట్లాడి, సంతకం మాత్రం ఇంగ్లిష్ కాగితం మీద పెట్టించుకునే మన కన్సల్టెన్సీలకు అలాంటి నియమం అత్యవసరం. దానికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు. కేంద్ర రవాణా శాఖ ఉన్న నిబంధనలకే మరో ఫారం చేరిస్తే చాలు. టోటల్ లాస్ క్లెయిమ్ జరిగిందా, ఛాసిస్ మరమ్మతు జరిగిందా, ట్యాక్సీగా తిరిగిందా, ఏ సర్వీసులో ఏ రీడింగ్ నమోదైంది, ఎయిర్‌బ్యాగులు పనిచేస్తున్నాయా: ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు, కింద డీలరు సంతకం, ఆథరైజేషన్ నంబరు. బీమా కంపెనీలు టోటల్ లాస్ కింద వేలం వేసిన ప్రతి బండి వివరాన్నీ వాహనాల రికార్డులుండే వాహన్ పోర్టల్‌లో ఎక్కించేలా చేయాలి. అప్పుడు నంబరు కొట్టిన ఎవరికైనా బుడమేరులో మునిగిన బండి ఏదో అడ్వాన్సు ఇవ్వకముందే తెలుస్తుంది.